చైనా మూలికల మందు వాడేటప్పుడు పథ్యం: తెలుగు విస్తరికి తగ్గ మార్గదర్శి

చైనా వైద్యుడు రెండు చేతుల నాడీ పట్టుకుని, నాలుక చూసి, చీటీ రాసిచ్చాక రోగులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "యావ్ జీకౌ మా?" పథ్యం ఏమైనా ఉందా అని. జవాబు కూడా చాలాసార్లు ఒకే వరసలో వస్తుంది: పచ్చివి, చల్లనివి, నూనె ఓడేవి, కారాలు, నీచు మానండి. చైనా వంటింట్లో పెరిగినవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. ఏది తీసేయాలో, దాని బదులు ఏది వండుకోవాలో వాళ్ళకు చిన్నప్పటి నుంచే తెలుసు. అదే మాట తెలుగు విస్తరికి యథాతథంగా వర్తింపజేస్తే పెరుగు, ఆవకాయ, వేపుడు, చేపల పులుసు, రోటి పచ్చడి అన్నీ పోతాయి. దాంతో కొందరు భయపడి సరిగ్గా తినక నీరసపడతారు, కొందరు విసుగొచ్చి పథ్యం మొత్తాన్ని గాలికొదిలేస్తారు.

చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలకు, సింగపూర్, మలేసియా, హాంకాంగ్, అమెరికాల్లో ఉంటున్న మనవాళ్ళకు ఈ మందులు ఎదురుపడే అవకాశం ఎక్కువ. అందుకే వాళ్ళను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నిషేధాలన్నీ ఒకే బరువువి కావు. కొన్ని తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని పాటిస్తే కడుపు తేలికపడి మందు బాగా ఒంటబడుతుంది. కొన్ని పాత గ్రంథాల్లో ఉన్నాయి కానీ నేటి వైద్యులు చాలామంది పట్టుబట్టరు. ఏది ఏ కోవలోదో విడదీసుకోగలిగితే పథ్యం భారం సగం తగ్గుతుంది.

1. చీటీ నకలు చేతిలో ఉంచుకోండి

తిండి సంగతి తర్వాత. మీరు తాగుతున్నది ఏమిటో ముందు తెలియాలి. సింగపూర్‌లో చైనా వైద్యులు 2000 నాటి చట్టం కింద నమోదై ఉండాలి. చైనాలో పెద్ద ఆసుపత్రుల్లో సంప్రదాయ వైద్యానికి వేరే విభాగమే ఉంటుంది. అలాంటి చోట చీటీ అడిగితే ఇస్తారు. పేర్లు ఇవ్వకుండా పొట్లం మాత్రమే చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర మందు తీసుకోకండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల్లో ఒకదాని బదులు మరొకటి కలిసింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం వల్ల వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఏ పథ్యమూ అలాంటి మందు నుంచి కాపాడదు.

చీటీ తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందు ఒంటికి వేడినిచ్చేదా, చలవ చేసేదా? బలానికా, లోపలిది బయటికి పంపడానికా? తినే ముందా, తిన్నాకా? ఈ మూడిటికి జవాబు దొరికితే పథ్యంలో చాలాభాగం మీరే ఊహించగలరు. వేడినిచ్చే మందు తాగుతూ ఐస్‌క్రీమ్ తినకూడదు. వేడి తగ్గించే మందు తాగుతూ మిరపకాయ బజ్జీలు తినకూడదు. జీకౌ, అంటే పథ్యం వెనకున్న తర్కం ఇదే.

శాకాహారులు నాలుగో ప్రశ్న కూడా అడగాలి: ఇందులో జంతువుల నుంచి తీసినవి ఉన్నాయా? రక్తం తక్కువైన ఆడవాళ్ళకు తరచూ రాసే ఎ-చ్యావ్ గాడిద చర్మాన్ని ఉడికించి తీసిన జిగురు. దీ-లొంగ్ అంటే ఎండు వానపాము. జింక కొమ్ము, ఆల్చిప్ప కూడా మామూలుగా వాడతారు. ముందే చెబితే చాలావాటికి మొక్కల నుంచి వచ్చే ప్రత్యామ్నాయం రాస్తారు. మందు కాచాక తెలిసి బాధపడేకన్నా ఇది మేలు.

2. ప్రాణం మీదికి తెచ్చే కలయికలను ముందు పక్కన పెట్టండి

అతిమధురం నుంచి మొదలుపెడతాను. చైనా చీటీల్లో అంత తరచుగా కనిపించే మూలిక మరొకటి ఉండదు. అక్కడ దాన్ని గాన్-త్సావ్ అంటారు. మన ఆయుర్వేదంలో యష్టిమధువు కూడా ఇదే జాతి. గొంతుకు మంచిదని చప్పరించే తియ్యటి వేరు కాబట్టి ఎవరూ అనుమానించరు. కానీ దీనిలోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి పొటాషియంను బయటికి పంపేస్తుంది. రక్తపోటు పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. ఐరోపా నిపుణుల కమిటీ మామూలు మనిషికి గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని సూచించింది. చైనా ఔషధ ప్రమాణాల ప్రకారం అతిమధురంలో ఆ పదార్థం కనీసం 2 శాతం ఉండాలి. అంటే 10 గ్రాముల వేరులో 200 మిల్లీగ్రాములు. కాచినప్పుడు అదంతా నీళ్ళలోకి దిగకపోవచ్చు, అయినా వారాల తరబడి తాగితే తక్కువేమీ కాదు.

తెలుగు భోజనానికి ఇక్కడే అసలు చిక్కు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు అన్నీ ఉప్పులో మునిగినవే. అతిమధురం ఉన్న కషాయం తాగినన్నాళ్ళూ వీటిని మానండి, కూరల్లో కూడా ఉప్పు తగ్గించండి. రక్తపోటు మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి వాడేవాళ్ళు అల్లోపతి డాక్టరుకు చెప్పకుండా ఈ కషాయం తాగకూడదు. కాళ్ళ పిక్కలు పట్టేస్తే ఇచ్చే షావ్-యావ్ గాన్-త్సావ్ కషాయంలో అతిమధురం పాలు ఎక్కువ. అది తాగేవాళ్ళు మరింత జాగ్రత్తపడాలి.

తర్వాతిది ఫూ-త్జ. మన వసనాభి జాతికి చెందిన దుంప ఇది. దీని విషం చాలాసేపు ఉడికితేనే విరుగుతుంది. అందుకే మిగతా మూలికలకన్నా ముందు దీన్ని ఒక్కదాన్నే కాచమని చీటీలో రాస్తారు. ఆ సమయాన్ని కుదించకండి. మద్యం ఈ విషాన్ని ఒంట్లోకి త్వరగా లాగుతుంది కాబట్టి ఈ మందు నడుస్తున్నన్నాళ్ళూ చుక్క కూడా ముట్టకూడదు. తాగాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కినా, వాంతులైనా, గుండె దడదడలాడినా ఆ వైద్యుడికి ఫోన్ చేస్తూ కూర్చోకండి. సరాసరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

జలుబుకూ ఆయాసానికీ ఇచ్చే మా-హువాంగ్ గుండెను పరుగెత్తిస్తుంది. అమెరికా ప్రభుత్వం 2004లో దీన్ని కలిపిన ఆహార పూరకాలను నిషేధించింది. ఈ మందుతోపాటు ఫిల్టర్ కాఫీ, చిక్కటి టీ, ఎనర్జీ డ్రింకులు పడితే నిద్ర పట్టదు, దడ పుడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే కొన్ని జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ కూడా ఈ మొక్కలో ఉండేదే. రెండూ కలిపి వేసుకోవద్దు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళకు దాన్-షెన్, దాంగ్-గ్వే అనే వేర్లు ప్రమాదం. ఇవి మాత్ర బలాన్ని పెంచి రక్తస్రావానికి దారితీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అదే మాత్ర వాడేవాళ్ళు ఆకుకూరల మోతాదు ఉన్నట్టుండి మార్చకూడదు. మందు మొదలైందని వారమంతా తోటకూర, పాలకూర కుప్పలుగా తిన్నా తప్పే, పూర్తిగా మానేసినా తప్పే.

3. మందు తాగే వేళను బట్టి భోజన వేళ మార్చుకోండి

వైద్యుడు వేరుగా చెప్పకపోతే కషాయాన్ని రోజుకు రెండు పూటలు, భోజనానికి అరగంట నుంచి గంట దూరంగా, గోరువెచ్చగా తాగాలి. బలానికిచ్చే మందులు తినే ముందు, కడుపులో మంట పుట్టించేవి తిన్నాక, నిద్రకిచ్చేవి పడుకునే ముందు. రేవల్చిన్ని, సునాముఖి లాంటి విరేచన మందులు సాధారణంగా పరగడుపున ఇస్తారు. మన తంగేడు చుట్టమైన సునాముఖి చైనా దుకాణాల్లో ఫాన్-షియె-యె పేరుతో దొరుకుతుంది. అది వాడే రోజుల్లో పాలు, నూనె వంటలు, పచ్చి పండ్లు తింటే కడుపు మెలిపెడుతుంది. జావతో సరిపెట్టుకోండి.

అల్లోపతి మాత్రలకూ కషాయానికీ మధ్య గంట నుంచి రెండు గంటల వ్యవధి ఉండాలి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకునేవాళ్ళు కషాయాన్ని పొద్దెక్కాక తాగడమే మంచిది.

ఇప్పుడు చాలా ఆసుపత్రులు మందు కాచి సంచుల్లో పోసి ఇస్తున్నాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, కానీ చల్లగా తాగకూడదు. సంచిని వేడినీళ్ళ గిన్నెలో ఉంచి వెచ్చబెట్టండి. ఇంట్లో కాచుకునేవాళ్ళు మట్టి కుండ గానీ, ఎనామిల్ లేదా గాజు గిన్నె గానీ వాడండి. ఇనుము, రాగి, అల్యూమినియం వద్దు. అరగంట నానబెట్టి, చీటీలో చెప్పినంతసేపు కాచి, వడగట్టి, మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచి, రెండింటినీ కలిపి పంచుకోవాలి.

చేదు భరించలేక బెల్లమో తేనో కలపాలనిపిస్తుంది. వైద్యుణ్ణి అడగకుండా కలపకండి. మధుమేహం ఉన్నవాళ్ళకు అది నష్టం, కొన్ని మందులకు తీపి పడదని కూడా ఆ వైద్యంలో అంటారు. హాంకాంగ్‌లో చేదు మందు తాగినవాళ్ళకు చిన్న తీపి ఎండు ప్లమ్ ఇస్తారు. మందులో కలపకుండా తర్వాత నోట్లో వేసుకునే ఆ పద్ధతి బాగుంటుంది. చిన్న కిస్‌మిస్ కూడా ఆ పని చేస్తుంది. ఉండల రూపంలో వచ్చే మందుల్లో చాలావాటిని తేనెతోనే కడతారు. చలికాలంలో షాంఘై వైపు ఇచ్చే లేహ్యాల్లో చక్కెర, ఎ-చ్యావ్ రెండూ ఉండవచ్చు. మధుమేహులూ శాకాహారులూ అడిగి తెలుసుకోవాలి.

4. గంజి: మందుకు తోడు నిలిచే తిండి

మానాల్సినవాటి గురించి ఎంత చెప్పినా తినాల్సింది చెప్పకపోతే పథ్యం నిలవదు. చైనా వైద్యంలో ఈ విషయం మొదటినుంచీ ఉంది. దాదాపు 1,800 ఏళ్ళ క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ జ్వరాల గురించి రాసిన గ్రంథంలో గ్వే-జి (దాల్చిన కొమ్మ) కషాయం గురించి చెబుతూ, మందు తాగిన కాసేపటికి వేడి పల్చటి గంజి తాగి, దుప్పటి కప్పుకుని, ఒళ్ళు కాస్త చెమర్చేదాకా ఉండమన్నాడు. మందు బలానికి గంజి సాయం. వెంటనే అదే చోట మానాల్సినవీ చెప్పాడు: పచ్చివి, చల్లనివి, జిగటవి, మాంసం, గోధుమ వంటలు, ఘాటైన ఐదు రకాలు (ఉల్లి, వెల్లుల్లి లాంటివి), మద్యం, పులిసిన పాలు, చెడు వాసన వచ్చేవి. ఈనాడు వైద్యులు అప్పజెప్పే వరసకు మూలాల్లో ఇదొకటి. గమనించండి, ఆయన ఆ జాబితా ఇచ్చింది చలిజ్వరంతో ఒళ్ళు నొప్పులు పడుతున్న మనిషికి, ఒకట్రెండు రోజులకు. నెలల తరబడి కీళ్ళ నొప్పుల మందు తాగేవాళ్ళు దాన్ని అక్షరాలా మోయనక్కర్లేదు.

మరో కషాయం దగ్గర ఆయనే ఇంకా చక్కని కిటుకు చెప్పాడు. విరేచనం కాకపోతే వేడి గంజి తాగాలి, ఎక్కువైపోతే చల్లటి గంజి తాగాలి. తిండినే మందుకు పగ్గంగా వాడడం అంటే ఇది.

మనకు గంజి కొత్త కాదు. బియ్యపు నూక జావ, చిటికెడు ఉప్పు, కాస్త జీలకర్ర చాలు. అందులో మిరియాల కారం, పచ్చడి నంచుకోవడం మాత్రం ఆపండి. రాగిజావ కూడా మంచి తిండే, కానీ కడుపు మరీ మందంగా ఉన్న రోజుల్లో బియ్యపు జావే తేలిక. బీరకాయ, సొరకాయ, క్యారెట్‌లను తాలింపు తక్కువేసి మెత్తగా ఉడికించుకోండి. కందిపప్పు పల్చగా, ఇడ్లీ వేడిగా. మాంసాహారులు కోడి సూప్‌ను పైన తేలే కొవ్వు తీసేసి తాగొచ్చు.

5. మన వేడి, చలవలను వాళ్ళ లెక్కతో సరిచూసుకోండి

మన ఇళ్ళలోనూ వేడి చేసేవి, చలవ చేసేవి అనే పట్టిక ఉంది. అందుకే చైనా వైద్యుడి మాట తేలిగ్గా అర్థమైపోయిందనుకుంటాం. కానీ రెండు పట్టికలు అన్నిచోట్లా కలవవు.

పుచ్చకాయ, దోసకాయ, పెసలు రెండు చోట్లా చలవే. అల్లం, దాల్చినచెక్క, ఎండుమిర్చి, మేకమాంసం రెండు చోట్లా వేడే. తేడా వచ్చేది కాకరకాయ దగ్గర. మన ఇళ్ళలో చాలామంది అది వేడి చేస్తుందంటారు, చైనాలో అది గట్టి చలవ. అరటిపండు కూడా అక్కడ చలవే. పీతలు మనకు వేడి, వాళ్ళకు చలవ. పీతలతో అల్లం తప్పకుండా తినడం అక్కడి అలవాటు. లిచీ పళ్ళు మాత్రం అక్కడ నిప్పుతో సమానం.

పెసలతో మరో మెలిక ఉంది. ఒంట్లో బాగాలేకపోతే పెసరకట్టు పెట్టడం మన అలవాటు. చైనాలో పెసల సూప్‌కు విషాన్ని విరిచేదన్న పేరుంది. అందుకే బలానికిచ్చే మందుతో కలిపి తింటే మందు బలమూ పోతుందని జనం నమ్ముతారు. దానికి గట్టి రుజువు నాకు కనిపించలేదు. అయితే విరేచనాలు, కడుపు చల్లదనంతో బాధపడేవాళ్ళకు వేడినిచ్చే మందు ఇస్తే, ఆ మందు వాడినన్నాళ్ళూ పెసరట్టు బదులు ఇడ్లీ తినడం వల్ల పోయేదేమీ లేదు.

6. పెరుగు, కారం, పులుపు: మూడింటికీ మూడు తీర్పులు

పెరుగు సంగతి మనవాళ్ళకు అన్నిటికన్నా బాధ కలిగించేది. పాలు, పెరుగు ఒంట్లో తేమను, కఫాన్ని పెంచుతాయని చైనా వైద్యం చెబుతుంది. కఫంతో దగ్గు, ఆయాసం, నాలుక మీద మందపాటి తెల్లపూత, నీళ్ళ విరేచనాలు ఉంటే పెరుగు పూర్తిగా మానండి. ఆ ఇబ్బందులు లేనివాళ్ళు రాత్రి పెరుగు మాని, మధ్యాహ్నం ఫ్రిజ్‌లోంచి తీయని పెరుగును పల్చగా చిలికి, అల్లం, జీలకర్ర వేసిన మజ్జిగ చేసుకోవచ్చు. వైద్యుడికి చెప్పేటప్పుడు "పెరుగు" అనగానే ఆయన మనసులో తీపి కప్పు పెరుగే మెదులుతుంది. మీరు రోజూ రెండు పూటలు అన్నంలో కలుపుకుంటారని విడమరచి చెప్పండి.

కారం విషయంలో వైద్యుడి మాటే నా మాట. మొటిమలు, నోటిపూత, మొలలు, చర్మం మీద ఎర్రదద్దుర్లకు చలవ మందు వాడుతుంటే గుంటూరు కారం ఆ మందుకు ఎదురు నడుస్తుంది. ఒక్కసారిగా మానలేకపోతే ఎండుమిర్చిని సగం చేసి, వేపుళ్ళ బదులు ఉడికించిన కూరలు చేసుకోండి. చర్మ రోగాలకు చైనాలో ఫా-వూ అని మరో నిషేధ వర్గం ఉంది. రొయ్యలు, పీతలు, మేకమాంసం, వెదురు కొమ్ములు లాంటివి రోగాన్ని పైకి లేపుతాయని వాళ్ళంటారు. గజ్జి, తామర ఉన్నప్పుడు మన పెద్దవాళ్ళు వంకాయ, గోంగూర వద్దనేది ఇదే ఆలోచన. ఏదైనా తిన్నాక దురద నిజంగా పెరుగుతోందా అని వారం రోజులు గమనించి నిర్ణయించుకోవడం మంచిది.

పులుపు గురించి పాత గ్రంథాలు కఠినంగా ఉన్నాయి. 1578లో లీ షిజెన్ పూర్తిచేసిన మహా నిఘంటువులో ఫూ-లింగ్ అనే పుట్టగొడుగు వాడేవాళ్ళు సిర్కా (వెనిగర్), పులుపు మానాలని, అతిమధురానికి పందిమాంసం పడదని, దీ-హువాంగ్ వేరుకు ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి వద్దని ఉంది. ఫూ-లింగ్ చాలా చీటీల్లో కనిపిస్తుంది. ఆ లెక్కన చారు, పులుసు, చింతకాయ పచ్చడి జీవితంలోంచి పోవాలి. ఈ నియమాలను నేటి వైద్యులు చాలామంది పట్టుబట్టరు. అడిగి, వద్దనకపోతే చారు పల్చగా పోసుకోండి. కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవాళ్ళు మాత్రం చింతపండు తగ్గించాలి. దానికి ఏ గ్రంథమూ అక్కర్లేదు.

ముల్లంగి విషయం వేరు. బలానికిచ్చే జిన్‌సెంగ్ వేరు వాడేటప్పుడు ముల్లంగి తినకూడదన్నది చైనా అంతటా ఇప్పటికీ పాటించే నియమం. అది పైకి లేపే బలాన్ని ఇది కిందికి దించుతుందంటారు. ప్రయోగశాల రుజువు బలంగా లేకపోయినా, ముల్లంగి సాంబారు కొన్నాళ్ళు మానడం కష్టమేమీ కాదు కదా. చిక్కటి టీ కూడా జిన్‌సెంగ్ వేళకు దూరంగా తాగండి.

7. ఉపవాసాలు ముందే చెప్పండి

ఏకాదశి, శనివారం, కార్తీక సోమవారాలు ఉండేవాళ్ళు, రంజాన్ ఉపవాసం పాటించేవాళ్ళు మందు మొదలుపెట్టే ముందే వైద్యుడికి చెప్పాలి. రోజంతా ఖాళీ కడుపుతో ఉండి సాయంత్రం ఘాటైన కషాయం తాగితే వాంతి అవుతుంది, తల తిరుగుతుంది. విరేచన మందులు నడిచే రోజుల్లో, మధుమేహం మాత్రలు వాడేవాళ్ళు ఏ రోజూ, ఉపవాసం పెట్టుకోవద్దు. ఉపవాసం విడిచేటప్పుడు ముందు జావ, అరగంట తర్వాత మందు, ఆ తర్వాత భోజనం.

8. మళ్ళీ చూపించుకునే రోజు

మొదటి చీటీ సాధారణంగా ఏడు రోజులకే ఇస్తారు. ఆ వారంలో ఆకలి, నిద్ర, విరేచనం ఎలా ఉన్నాయో, ఏ రోజు ఏం తిన్నాక తేడా వచ్చిందో రెండు ముక్కల్లో రాసుకోండి. దాన్ని చూసే వైద్యుడు మందు మారుస్తాడు.

వెళ్ళే రోజు పొద్దున నాలుక గీసుకోకండి. నాలుక మీది పూత రంగు, మందం చూసే వాళ్ళు రోగాన్ని అంచనా వేస్తారు. మన రోజువారీ అలవాటు ఆ ఆనవాలును తుడిచేస్తుంది. కాఫీ, పసుపు ఎక్కువైన కూర, బీట్‌రూట్ కూడా రంగు మార్చేస్తాయి. వెళ్ళేముందు వాటిని మాని, నీళ్ళతో పుక్కిలించి వెళ్ళండి. పథ్యం తప్పి ఉంటే దాచకండి. పెళ్ళి భోజనంలో బిర్యానీ తిన్నానని చెబితే మీ కడుపు ఉబ్బరాన్ని ఆయన మందు లోపంగా లెక్కగట్టడు.

మందు పూర్తయ్యాక మానినవన్నీ ఒకేరోజు మొదలుపెట్టవద్దు. ముందు పెరుగు, మూడు రోజులాగి పులుపు, ఆ తర్వాత కారం, వేపుళ్ళు, అన్నిటికన్నా చివర ఉప్పు పచ్చళ్ళు. ఏదైనా తిరిగి మొదలుపెట్టగానే పాత బాధ తలెత్తితే దాన్ని మళ్ళీ ఆపి, తర్వాతి దానికి వెళ్ళే ముందు వారం ఆగండి. అతిమధురం ఎక్కువగా వాడినవాళ్ళు పచ్చళ్ళ జోలికి పోకముందు రక్తపోటు ఒకసారి, పొటాషియం ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.